సంతకం ఒకరిది, చెల్లింపు ఇంకొకరిది

అమెరికా, చైనాల వాణిజ్య యుద్ధం గురించి మన దగ్గర ఏ చర్చ మొదలైనా చివరికి రెండు మాటల్లో ఏదో ఒకదాని దగ్గర ఆగుతుంది. “వాళ్ళిద్దరూ కొట్టుకుంటే మనకు మంచిదే కదా” అనేది ఒకటి. “ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరుగుతాయి” అనేది రెండోది. మొదటి మాటలో ఆశ ఉంది. చైనా వదిలి వచ్చే ఫ్యాక్టరీల్లో రెండో మూడో శ్రీసిటీలో దిగుతాయని. రెండో మాటలో భయం ఉంది. 2025 ఏప్రిల్‌లో చైనా సరుకుల మీద అమెరికా సుంకం 145 శాతానికి, అమెరికా సరుకుల మీద చైనా సుంకం 125 శాతానికి చేరిన రోజుల్లో నా ఫోన్‌లోని గ్రూపుల్లో ఈ రెండు మాటలూ పక్కపక్కనే తిరిగాయి.

రెండింటిలో ఏది సరైనది అని కాదు నా సందేహం. రెండూ “మనం” అనే మాటని ఒకే మనిషి పేరులాగా వాడుతున్నాయి. లాభమొస్తే మనకి, కాలు విరిగితే మనకి. ఈ మనం ఎవరు? లాభం వచ్చే మనమూ, కాలు విరిగే మనమూ ఒకరేనా? ఈ ప్రశ్నకి సమాధానం వెతుకుతూ పోతే నేను మా ఊరి వైపు, అక్కణ్ణుంచి రెండున్నర శతాబ్దాల వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

మాది కొలిమిగుండ్ల వైపు. బనగానపల్లె నుంచి తాడిపత్రి పోయే దారిలో, ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉంటుంది. బయటివాళ్ళకి ఈ మండలం తెలిసేది బెలుం గుహల వల్ల. సున్నపురాయిని నీళ్ళు కొన్ని లక్షల ఏళ్ళు కరిగించుకుంటూ పోతే ఏర్పడిన మూడు కిలోమీటర్ల పైచిలుకు సొరంగాలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటి గురించి రాశాడు. 1982-83లో జర్మన్లు వచ్చి కొలిచారు. ఆ రాయే మా ప్రాంతానికి బతుకు. పైపొరలో నాపరాయి, దాని వెనకాలే సిమెంటు. తెలుగు ఊళ్ళల్లో లక్షల ఇళ్ళల్లో కాళ్ళ కింద ఉండే నల్లబండ మా చుట్టుపక్కల గనుల్లోంచే వస్తుంది.

ఈ బండని కోసే బ్లేడు అంచుకి వజ్రపు ముక్కలు అంటించి ఉంటాయి. గనిలో దొరికే వజ్రం కాదు, ఫ్యాక్టరీలో చేసిన వజ్రం. ప్రపంచంలో ఆ కృత్రిమ వజ్రంలో చాలా భాగం తయారయ్యేది చైనాలో. 2025 అక్టోబరులో చైనా కొత్తగా ఎగుమతి ఆంక్షలు ప్రకటించినప్పుడు, అరుదైన ఖనిజాలతో పాటు ఈ కృత్రిమ వజ్రపు పొడి, దానితో చేసే పనిముట్లు కూడా జాబితాలో ఉన్నాయి. గురి అమెరికా చిప్ పరిశ్రమ మీద. నెల తిరగకుండానే రెండు దేశాలకీ రాజీ కుదిరి ఆ ఆంక్షలు వాయిదా పడ్డాయి. బనగానపల్లె పేరు మీద భూగర్భశాస్త్రంలో వజ్రాలు దొరికే ఒక రాతిపొరే ఉంది. ఒకప్పుడు ప్రపంచానికి వజ్రాలు పంపిన నేల ఇప్పుడు తన రాయి తను కోసుకోవడానికి బయటి వజ్రం కోసం చూస్తోంది. దీన్ని చూసి బాధపడాలో నవ్వాలో తెలీదు.

మాకు వరసకి మామ అయ్యే ఒకాయన బండలు కోసే మిషన్ మీద పనిచేస్తాడు. ఆ రోజుల్లో ఊరికి పోయినప్పుడు ఆయనకి ఈ సంగతి చెప్పాను. చైనావాళ్ళు ఆపేస్తే మీ బ్లేళ్ళకు కూడా ఇబ్బంది రావచ్చంట మామా అని. ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు.

“మా ఓనరు కూడా అదే అంటాండె అల్లుడూ. బ్లేడు రేటు పెరుగుతాదంట, ఈ ఏడు కూలి పెంచేది కుదర్దంట. పోయిన తూరి డీజిలు పెరిగిందన్యాడు. అంతకు ముందు కరోనా అన్యాడు. ఏందో ఒగటి ఉంటాదిలే.”

బ్లేడు రేటు నిజంగా పెరిగిందో లేదో నాకు తెలీదు. రేటు పెరగకముందే, ఆంక్ష అమల్లోకి రాకముందే, ఆ ఆంక్ష పేరు చెప్పి ఒక కూలి ఆగిపోయింది. నెల తర్వాత ఆంక్ష వాయిదా పడింది. ఆగిన కూలి మాత్రం కదల్లేదు. రెండు మహాశక్తుల మధ్య తగాదా ఒక చిన్న ఊళ్ళోకి ఎలా ప్రవేశిస్తుందో చూడాలంటే సుంకాల పట్టికలు చూసి లాభం లేదు. తగాదా ఊళ్ళోకి ఒక సాకుగా వస్తుంది. ఆ సాకు ఎవరి చేతికి అందితే వాళ్ళు దాన్ని తమ కింద ఉన్నవాళ్ళ మీద వాడతారు.

ఇది కొత్తగా వచ్చిన తెలివి కూడా కాదు. మా నేల మీద ఇలాంటిది ఒకసారి జరిగింది, చాలా పెద్ద ఎత్తున.

పద్దెనిమిదో శతాబ్దం మధ్యలో ప్రపంచంలోని రెండు పెద్ద శక్తులు ఇంగ్లండు, ఫ్రాన్సు. రెండింటికీ ఇక్కడ వర్తక కంపెనీలు ఉన్నాయి, కంపెనీలకి సైన్యాలున్నాయి. 1748లో యూరప్‌లో ఈ రెండు దేశాలూ సంధి చేసుకున్నాయి. కాగితం మీద శాంతి. కానీ ఆ శాంతి కాలంలోనే మన దగ్గర వాళ్ళ కంపెనీలు ఇద్దరు నవాబుల తరఫున, ఇద్దరు నిజాం వారసుల తరఫున నిలబడి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నాయి. నేరుగా తలపడకుండా వేరేవాళ్ళ జెండా కింద కొట్లాడడం అనే పద్ధతిని ప్రచ్ఛన్న యుద్ధ కాలంలో కనిపెట్టలేదు.

కడప, కర్నూలు నవాబులకి ఇది మంచి అవకాశంలాగా కనిపించింది. వాళ్ళిద్దరూ కొట్టుకుంటే మనకు మంచిదే కదా అని వాళ్ళు కూడా అనుకునే ఉంటారు. 1750 డిసెంబరులో జింజి దగ్గర నాసిర్ జంగ్ హత్య జరిగింది. ఫ్రెంచి గవర్నరు డూప్లేతో కుమ్మక్కైన ఆ కుట్రలో ఈ నవాబులు ఉన్నారు. ముజఫర్ జంగ్ గద్దెనెక్కాడు. అనుకున్నంత ముట్టలేదని రెండు నెలల్లో అదే నవాబులు ఆయన మీద తిరగబడ్డారు. 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర జరిగిన ఆ పోరులో ముజఫర్ జంగ్ చనిపోయాడు, కర్నూలు నవాబూ చనిపోయాడు. ఫ్రెంచి సేనాని బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ని నిజాంని చేసి, హైదరాబాదు దిక్కు పోతూ దారిలో కర్నూలు కోట పట్టుకున్నాడు. కోటలో ఉన్నవాళ్ళు ఏ కుట్రలో సంతకం పెట్టారని ఎవరూ అడగలేదు.

అసలు సంగతి దీని తర్వాత ఉంది. గద్దెనెక్కించిన సైన్యానికి జీతం ఇవ్వాలి. నిజాం దగ్గర డబ్బు లేదు. 1753లో ఆయన ఉత్తర సర్కారులని, అంటే ఇప్పటి కోస్తాలో పెద్ద భాగాన్ని, బుస్సీ సైన్యం ఖర్చు కోసం ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు. ఆ పైకం వసూలులో, జమీందార్ల పాత పగల మధ్య, 1757 జనవరిలో బొబ్బిలి కోట తగలబడింది. బొబ్బిలి యుద్ధాన్ని మనం వీరగాథగా చెప్పుకుంటాం. దాన్ని ఒక సైనిక బిల్లు వసూలులో భాగంగా కూడా చదవొచ్చు.

తర్వాత కాలం తిరిగింది, ఫ్రెంచివాళ్ళు ఓడారు, ఇంగ్లీషువాళ్ళు గెలిచారు. హైదరాబాదులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని తయారుచేసిన దళాలు మిగిలాయి. మూసారాంబాగ్ పేరులో ఉన్నది ఆయనే అంటారు. 1798లో రేమండ్ చనిపోయాడు. అదే ఏడాది నిజాం ఇంగ్లీషు కంపెనీతో ఒప్పందం చేసుకుని ఆ దళాలని రద్దు చేసి, వాళ్ళ స్థానంలో కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నాడు. మళ్ళీ జీతం సమస్య వచ్చింది. మళ్ళీ అదే పరిష్కారం దొరికింది. 1800 అక్టోబరు 12న నిజాం కడప, బళ్ళారి, అనంతపురం ప్రాంతాలని, ఇప్పటి కర్నూలు, నంద్యాల జిల్లాల్లో కొంత భాగాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. ఎందుకంటే సైన్యం ఖర్చు కింద. కొలిమిగుండ్ల ఉన్న కోయిలకుంట్ల వైపు అందులోనే పోయింది. 1792 దాకా మైసూరు కింద, తర్వాత నిజాం కింద, 1800 నుంచి కంపెనీ కింద. ఎనిమిదేళ్ళలో మూడు చేతులు.

ఫ్రెంచివాళ్ళయినా, ఇంగ్లీషువాళ్ళయినా బిల్లు ఒకే నమూనాలో వచ్చింది. ఆ బిల్లుకి పెట్టిన పేరే “దత్త మండలం”. ఇచ్చేసిన నేల. నూట ఇరవై ఏళ్ళ పైన మా ప్రాంతానికి వాడుకలో ఉన్న పేరు ఒక సైనిక ఖర్చుకి రశీదు.

నిజాంని తిట్టడం తేలిక. నాకు అలా తిట్టాలనిపించదు. ఆయన భయం నిజమైనది. ఒకవైపు మరాఠాలు, ఖర్డా దగ్గర 1795లో వాళ్ళ చేతిలో ఓడి ఉన్నాడు. ఒకవైపు ఇంగ్లీషువాళ్ళు. వాళ్ళకి ఎదురు నిలిచిన టిప్పు 1799లో చచ్చిపోయాడు. రెండు పెద్ద శక్తుల మధ్య ఉన్న చిన్న రాజ్యానికి తప్పనిసరిగా ఎంచుకోవాల్సిన రోజు వస్తుంది. ఎంచుకున్నందుకు ఆయన్ని తప్పుపట్టలేం. ఎంచుకున్నదానికి ఆయన ఏం చెల్లించాడు అన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. ఆయన గద్దె ఆయనకి మిగిలింది. నగరం మిగిలింది. పోయింది కోయిలకుంట్ల రైతు కట్టే శిస్తు. ఆ రైతుకి మరాఠాలతో ఉన్న తగువేంటి? ఫ్రెంచివాళ్ళ మీద ఉన్న కోపమేంటి?

ఆ శిస్తు ఎంత బరువుగా ఉండేదో చెప్పడానికి కంపెనీ మనిషే సాక్షి. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ కలెక్టరు. పాళెగాళ్ళని అణచినవాడు, పొలం పొలం కొలిపించి శిస్తు కట్టించినవాడు. వెళ్ళిపోయేటప్పుడు తను వేయించిన శిస్తునే నాలుగో వంతు తగ్గించమని సిఫార్సు చేశాడు. కంపెనీకి అప్పుడు డబ్బు కావాలి, తగ్గించలేదు. ఆ తగ్గింపు రావడానికి ఆయనే గవర్నరుగా తిరిగి రావాల్సి వచ్చింది, 1820లో. మధ్యలో పదమూడేళ్ళు. ఎక్కువ అని వసూలు చేసినవాడే చెప్పిన సొమ్ము ఆ పదమూడేళ్ళూ వసూలవుతూనే ఉంది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారని మనకి తెలుసు. ఆ ఖజానాలో ఉన్నది ఎవరి డబ్బు అన్నది సినిమాల్లో పెద్దగా కనిపించదు.

కాబట్టి నేను పట్టుకున్న నైతిక ప్రశ్న ఇది. పెద్దవాళ్ళ తగాదాలో మధ్యలో ఇరుక్కున్నవాడు తనని తను కాపాడుకోవడానికి తనది కానిదాన్ని ఇచ్చేయవచ్చా? ఇవ్వక తప్పని స్థితి ఉంటే, ఇచ్చాక అతనికి ఏ బాధ్యతా మిగలదా?

ఈ ప్రశ్న పాతబడలేదు. 2025 ఆగస్టులో అమెరికా భారత సరుకుల మీద ముందు 25 శాతం, 27వ తేదీ నుంచి ఇంకో 25 శాతం సుంకం వేసింది. రెండో 25కి చెప్పిన కారణం మనం రష్యా చమురు కొనడం. అంటే అమెరికాకీ రష్యాకీ ఉన్న తగాదా. ఆ చమురు కొన్నవి రిఫైనరీలు. సుంకం గట్టిగా తగిలిన చోట్లలో ఒకటి కోస్తా ఆంధ్ర రొయ్యల చెరువు. మన దేశం నుంచి పోయే రొయ్యలకి అమెరికా అతి పెద్ద మార్కెట్టు, చెరువుల్లో పెంచే రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రవి. వార్త రాగానే వ్యాపారులు చెరువు గట్టు దగ్గర కొనే ధర తగ్గించేశారు. భీమవరం వైపు కౌలుకి చెరువు తీసుకున్న రైతు రష్యా దగ్గర ఒక్క లీటరు కొనలేదు. కొనమని ఎవరికీ చెప్పలేదు.

ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. రష్యా చమురు చైనా ఇంకా ఎక్కువ కొంటోంది. ఆ కారణం చెప్పి చైనా మీద అప్పుడు సుంకం పడలేదు. చైనా చేతిలో అరుదైన ఖనిజాలున్నాయి, తిరిగి కొట్టగలదు. శిక్ష తప్పుని బట్టి పడలేదు, తిరిగి కొట్టలేని చోటు చూసి పడింది. ఇదే పద్ధతి దేశం లోపల కూడా కిందికి దిగుతుంది. ఎగుమతిదారు తన మీద పడిన భారాన్ని తిరిగి కొట్టలేని రైతు మీదకి తోస్తాడు, రైతు తన చెరువు దగ్గర పనిచేసేవాడి మీదకి. మా మామ దగ్గరికి కూలి రూపంలో వచ్చింది కూడా అలా దిగుతూ దిగుతూ వచ్చిందే.

రష్యా చమురు కొనడం తప్పని నేను అనడం లేదు. చవగ్గా దొరికే చమురు కొనకుండా ఉండడానికి మన దేశం ఎవరికీ సామంతరాజ్యం కాదు. ఆ నిర్ణయం నాకు సమ్మతమే. కానీ సమ్మతమే అని చెప్పిన మరుక్షణం నాకు ఒక బాధ్యత వస్తుంది. నా దేశపు స్వతంత్రతకి అయిన ఖర్చుని భీమవరంలో ఒక మనిషి కట్టాడు. నేను కట్టలేదు.

ఇక్కడ ఎవరైనా నన్ను ఆపి అడగొచ్చు. పెద్దవాళ్ళ పోటీ వల్ల మనకి మంచి జరగలేదా? జరిగింది. సోవియట్ సాయంతో 1960లలో హైదరాబాదు బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం వచ్చింది. అక్కడ పని నేర్చుకున్న వాళ్ళు బయటికొచ్చి పెట్టిన కంపెనీల వల్లనే హైదరాబాదు మందుల రాజధాని అయింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి కూడా మొదట్లో అక్కడ పనిచేసినవాడే. అమెరికా, రష్యాల పోటీ లేకపోతే అది అంత సులభంగా మనకి దక్కేది కాదు. ఈ లాభం నిజం, మా ఇంట్లో వేసుకునే బీపీ మాత్ర దాని సంతానమే. అయితే అదే మందుల పరిశ్రమ వదిలిన నీళ్ళు పటాన్‌చెరు పక్కన నక్కవాగులోకి పోయాయి, ఆ వాగు కింద పొలాలు పాడయ్యాయి. లాభం పొందిన మనం వేరు, వాగు పక్కన ఉన్న మనం వేరు. లాభంలో కూడా ప్రశ్న మారదు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. మధ్యలో ఉన్నవాళ్ళందరూ లేగదూడలేనా? ఉత్తరాదిలో ఒకప్పుడు కంపెనీ సిపాయిని “తిలంగా” అనేవాళ్ళు. తెల్లవాళ్ళ పద్ధతిలో కవాతు నేర్చిన మొదటి సిపాయిల్లో చాలామంది తెలుగు నేల వాళ్ళు కాబట్టి ఆ పేరొచ్చింది. క్లైవ్ మద్రాసు నుంచి బెంగాలుకి తీసుకుపోయిన వాళ్ళలో వాళ్ళున్నారు. ఫ్రెంచి వైపు కూడా మనవాళ్ళే. అంటే మా నేలని రాసిచ్చిన ఆ బిల్లులో “సైన్యం జీతాలు” అన్న పద్దు కింద కొన్ని తెలుగు పేర్లు కూడా ఉండేవి. ఇంటి నుంచి శిస్తు పోతుంటే, అదే ఇంటి కొడుక్కి జీతం వస్తుంటే, ఆ ఇల్లు బాధితురాలా, భాగస్తురాలా?

ఇది చదువుతున్న మీలో కొందరు గచ్చిబౌలిలోనో, మాదాపూర్‌లోనో అమెరికా కంపెనీలకి చిప్ డిజైన్ పని చేస్తూ ఉండొచ్చు. 2022 అక్టోబరులో అమెరికా చైనాకి పోయే అధునాతన చిప్‌ల మీద ఆంక్షలు పెట్టింది. ఏ చిప్ చైనాకి అమ్మొచ్చు, ఏది కూడదు అన్న గీత ఇప్పుడు మీ డిజైన్ పనిలోకి కూడా వచ్చింది. మీరు ఎవరి మీదా యుద్ధం ప్రకటించలేదు, ఉద్యోగం చేసుకుంటున్నారు. తిలంగా కూడా ఉద్యోగమే చేసుకున్నాడు. దీన్ని మీ మీద నేరంగా మోపడానికి చెప్పడం లేదు. ఈ తగాదాలో మనకి జీతం వచ్చే వైపు కూడా ఉంది అని చెప్పడానికే. జీతం వచ్చే వైపు ఉన్నవాళ్ళు లేగదూడ సామెత చెప్పుకుంటే అది సరిపోదు.

ఇన్నిటి తర్వాత నాకు మిగిలింది ఒక చిన్న నియమం. “మనకేంటి లాభం” అన్నప్పుడల్లా పక్కనే రెండు పేర్లు రాయాలి. ఎవరి సంతకం? ఎవరి చెల్లింపు? రెండూ ఒకే పేరైతే ఆ నిర్ణయం ఎంత నష్టమైనా దానిలో ఒక న్యాయం ఉంది. రెండు వేరు వేరు పేర్లయితే, సంతకం పెట్టినవాడు చెల్లించినవాడికి బాకీ ఉన్నాడు. రొయ్యల రైతుకి ప్రభుత్వం ఏదైనా సాయం ప్రకటిస్తే దాన్ని మనం ఉపశమనం అంటాం, ప్యాకేజీ అంటాం, ఓట్ల కోసం అంటాం. ఆ మాటలన్నీ దానిని దయగా చూపిస్తాయి. దేశం మొత్తం తరఫున ఒకడు కట్టిన బిల్లులో మిగతావాళ్ళ వాటాని వాడికి తిరిగివ్వడం దయ ఎలా అవుతుంది? అది బాకీ తీర్చడం. దయ అంటే ఇష్టముంటే ఇస్తాం, లేకపోతే లేదు. బాకీకి ఆ వెసులుబాటు లేదు. మన్రో చెప్పిన నాలుగో వంతు పదమూడేళ్ళు ఆగింది కూడా కంపెనీ దాన్ని దయ అనుకోవడం వల్లే.

ఈ నియమం ఆంబోతులని ఆపదు. అమెరికా, చైనాలు మన నియమాలు విని సుంకాలు వెయ్యవు. కానీ దెబ్బ దేశంలోకి వచ్చాక అది ఎటు దిగాలన్నది వాషింగ్టన్‌లోనో బీజింగ్‌లోనో తేలదు. ఢిల్లీలో, అమరావతిలో, చెరువు గట్టు మీద, బండల ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో తేలుతుంది. అక్కడ మన మాటకి ఎంతో కొంత విలువ ఉంటుంది.

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. దత్త మండలాల వాళ్ళు కూడా అక్కడ విడిగా సభ పెట్టుకున్నారు. అనంతపురంలో తెలుగు పాఠాలు చెప్పే పండితుడు చిలుకూరి నారాయణరావు ఆ పేరు తీసేసి “రాయలసీమ” అని పిలుద్దామన్నారు. సభ ఒప్పుకుంది. అప్పటికి నిజాం సంతకం పెట్టి నూట ఇరవై ఎనిమిదేళ్ళు. పేరు మార్చినంత మాత్రాన ఒక్క పైసా శిస్తు తగ్గలేదు, కరువు పోలేదు, నీళ్ళు రాలేదు. అయినా ఆ రోజు సభలో కూర్చున్నవాళ్ళు ఒక సంగతి తేల్చి చెప్పారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన వస్తువుగా మమ్మల్ని పిలవొద్దు అని. బాకీ సంగతి ఆ తర్వాత మాట్లాడాలి. అది ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం.